మెడలో బిళ్ళ, రొమ్ములో గడ్డ: మందు కన్నా ముందు పేరు తేలాలి

ఒంట్లో ఎక్కడో గడ్డ తగిలిందని, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదని రాసిన పాఠకులకు ఈసారి జవాబులిస్తున్నాం. ఉత్తరం చదివి ఎవరి గడ్డ ఏమిటో చెప్పలేం. ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత, ఏది అసలే వద్దు అన్నది మాత్రం కచ్చితంగా చెప్పగలం. గడ్డల్లో చాలా భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. అయితే పేరు తేలకుండానే మందు మొదలుపెట్టడం, పేరు తేలకుండానే కోసేయడం, ఈ రెండూ నయమయ్యే జబ్బును కూడా చిక్కుల్లో పడేస్తాయి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మెడకు కుడిపక్క రెండు నెలల క్రితం బిళ్ళ కట్టింది. ఇప్పుడు దాని పక్కనే ఇంకోటి వచ్చింది. నొప్పి లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. ఊళ్లో డాక్టర్ గారు రెండుసార్లు యాంటీబయోటిక్ రాశారు, తగ్గలేదు. ‘టీబీ అయ్యుంటుంది, ఆర్నెల్లు మందులు వాడేయమ్మా’ అంటున్నారు. మా అత్తగారు సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సత్తెనపల్లి

జవాబు: మీ డాక్టర్ గారి అనుమానం అన్యాయమైనది కాదు. మన దేశంలో మెడలో బిళ్ళ రెండు వారాలు దాటినా తగ్గలేదంటే మొదట తలుచుకోవాల్సిన జబ్బుల్లో టీబీ ఒకటి. ఊపిరితిత్తుల్లో కాకుండా వేరేచోట వచ్చే టీబీల్లో లింఫు గ్రంథులకు వచ్చేదే ఎక్కువ. పాతవాళ్లు గండమాల అన్నది చాలావరకు దీన్నే. కానీ అనుమానం ఒకటి, నిర్ధారణ ఒకటి. మీ వయసులో అచ్చం ఇలాగే కనిపించే జబ్బులు ఇంకో రెండున్నాయి.

ఒకటి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. దీనికీ సాయంత్రం జ్వరం రావచ్చు, రాత్రి దుప్పటి తడిసిపోయేంత చెమట పట్టవచ్చు, బరువు తగ్గవచ్చు. రెండోది కికుచి జబ్బు. 1972లో జపాన్ వైద్యులు మొదట గుర్తించారు. ఎక్కువగా ఆసియా దేశాల యువతుల్లో కనిపిస్తుంది. మెడలో బిళ్ళలు, జ్వరం వచ్చి, ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. దీనికి టీబీ మందులు వాడితే మందులకే తగ్గిందని అందరూ అనుకుంటారు. నష్టమల్లా ఆరు నెలలు లివర్ మీద అక్కర్లేని భారం. లింఫోమాకు టీబీ మందులు వాడితే మాత్రం ఆ నెలలన్నీ జబ్బు పెరుగుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు ఛాతీ ఎక్స్‌రే, మెడ అల్ట్రాసౌండ్, రక్త కణాల లెక్క, షుగర్, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి. ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) ఎక్కువుందనో, టీబీ కోసం చేతికి వేసిన మాంటూ సూది దగ్గర ఉబ్బిందనో టీబీ అని తేల్చేయకూడదు. ఆ రెండూ ఎన్నో కారణాలకు పెరుగుతాయి.

అసలు పరీక్ష ఎఫ్‌ఎన్‌ఏసీ. 22 నుంచి 25 గేజ్ సన్నసూదిని బిళ్ళలోకి పంపి కణాలు లాగుతారు. రక్తం తీసే సూది కన్నా లావుండదు. రెండు మూడుసార్లు గుచ్చుతారు, పది నిమిషాల పని. ఈ పరీక్షకు వెళ్లినప్పుడు మీరు నోరు తెరిచి అడగాల్సిన మాట ఒకటుంది: ‘స్లైడ్లతో పాటు కొంచెం సెలైన్‌లో వేసి సీబీనాట్‌కో ట్రూనాట్‌కో పంపిస్తారా?’ ఈ రెండూ టీబీ క్రిమి జన్యువును యంత్రంతో పట్టుకునే పరీక్షలు. ఇలా అడగకపోవడం మళ్లీ మళ్లీ జరిగే పొరపాటు. తీసినదంతా ఫార్మలిన్‌లో వేసేస్తే (ముక్కలు చెడకుండా ఉంచే ద్రవం) క్రిములు చచ్చిపోతాయి, క్రిమిని పెంచి చూసే కల్చర్ ఇక కుదరదు, సీబీనాట్‌కూ ఆ నమూనా పనికిరాదు. సెలైన్‌లో వేస్తే క్రిమి ఉందో లేదో తెలియడమే కాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా కొద్ది గంటల్లో తెలుస్తుంది. ప్రభుత్వ ఆస్పత్రుల టీబీ కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఒక సంగతి గుర్తుంచుకోండి. బిళ్ళల్లో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి సీబీనాట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు.

ఇక రిపోర్టు చదవడం. ‘గ్రాన్యులోమా’, ‘కేసియేషన్’ అని ఉంటే టీబీ వైపు బలంగా మొగ్గుతుంది. ‘రియాక్టివ్’ అంటే ఏదో ఇన్‌ఫెక్షన్‌కు గ్రంథి స్పందించిందని. బిళ్ళ తగ్గుతుంటే సరే, పెరుగుతుంటే ఆ మాటతో సరిపెట్టుకోకూడదు. ‘ఇన్‌అడిక్వేట్’ అంటే సూదికి చాలినన్ని కణాలు రాలేదని మాత్రమే. ‘ఏమీ లేదని వచ్చింది’ అని ఇంటికి తిరిగి వచ్చేసేవాళ్లు ఎక్కువగా ఈ మాట దగ్గరే మోసపోతారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మళ్లీ తీయించాలి. లింఫోమా అనుమానం ఉంటే సన్నసూది చాలదు. గ్రంథి లోపలి అమరిక చూడాలి కాబట్టి ఒక బిళ్ళను పూర్తిగా తీసి పరీక్షకు పంపుతారు. అప్పుడు కూడా ముక్కలో కొంత సెలైన్‌లోకి, మిగతాది ఫార్మలిన్‌లోకి వెళ్లాలి.

ఈ పరీక్షలు అయ్యేదాకా రెండు మందులకు దూరంగా ఉండండి. మొదటిది స్టెరాయిడ్: ప్రెడ్నిసొలోన్ మాత్రలు, డెక్సామెథసోన్ ఇంజెక్షన్. జ్వరం తగ్గడానికని ఊళ్లలో తేలిగ్గా పొడిచేస్తారు. లింఫోమా ఉంటే బిళ్ళ కొన్నాళ్లు కరిగిపోయి, తీసిన ముక్కలో కూడా జబ్బు దొరకదు. రెండోది లీవోఫ్లాక్ససిన్ జాతి యాంటీబయోటిక్. అది టీబీ క్రిమిని చంపీ చంపకుండా వదిలి పరీక్షను తికమక పెడుతుంది. మీకు ఇంతకుముందు రాసిన యాంటీబయోటిక్‌లు ఏమిటో చీటీలు వెతికి పట్టుకెళ్లండి.

అత్తగారికి నెమ్మదిగా చెప్పి సున్నం పట్టు మానిపించండి. బిళ్ళ చర్మానికి లోపల ఉంటుంది, సున్నం కాల్చేది పైన చర్మాన్ని. జిల్లేడు పాలు, వాతలు కూడా అంతే. బిళ్ళ మెత్తబడి చీము పట్టినా కత్తితో గాటు పెట్టించుకోవద్దు. టీబీ చీమును అలా వదిలితే ఆ గాటు మానక నెలల తరబడి కారుతుంది. లావు సూదితో పక్కనున్న మంచి చర్మంలోంచి లాగించాలి.

టీబీ అని తేలితే బెంగ పడకండి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు, రోజూ, బరువును బట్టి. ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. టీబీ రోగుల పోషకాహారానికిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద 2024 నవంబర్ నుంచి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా వెంటనే చూపించుకోవాలి. గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటుంటే రిఫాంపిసిన్ వాటిని పనిచేయనివ్వదు, వేరే పద్ధతి అడగండి. వైద్యం మధ్యలో బిళ్ళ ఉన్నట్టుండి పెద్దదైతే మందు పనిచేయడం లేదని ఆపేయకండి. చస్తున్న క్రిముల మీద ఒళ్లు తిరగబడటం వల్ల కొందరిలో అలా జరుగుతుంది, డాక్టర్‌కు చూపించి కొనసాగించాలి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగుంటే ఈ టీబీ ఇంట్లోవాళ్లకు అంటుకోదు. కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు.

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్లు. ఎడమ రొమ్ములో చంక వైపు గట్టిగా ఒక గడ్డ ఉంది. మూడు నెలలైందట, మొన్ననే చెప్పింది. ‘నొప్పి లేదు కదా, ఏం కాదులే’ అంటోంది. సూది గుచ్చి కెలికితే ఒళ్లంతా పాకుతుందని మా పిన్ని భయపెట్టింది. మామోగ్రామ్ ఒక్కటి తీయిస్తే సరిపోతుందా?
– ఒక కూతురు, కరీంనగర్

జవాబు: రొమ్ములో నొప్పి లేకపోవడం ధైర్యమిచ్చే గుర్తు కాదమ్మా. క్యాన్సర్ గడ్డలు మొదట్లో ఎక్కువగా నొప్పి లేకుండానే ఉంటాయి. నెలసరి ముందు సలిపి, అయ్యాక తగ్గే గడ్డలు చాలావరకు హార్మోన్ల వల్ల వచ్చేవి. 20–25 ఏళ్ల అమ్మాయిల్లో వేలి కింద జారిపోయేది ఎక్కువగా ఫైబ్రోఅడినోమా, హాని చేయని గడ్డ. 48 ఏళ్ల వయసులో మూడు నెలలుగా గట్టిగా నిలిచిపోయిన గడ్డను మాత్రం ఈ వారంలోనే చూపించాలి.

మామోగ్రామ్ ఒక్కటే చాలదు. చేత్తో పరీక్ష, స్కాన్, సూది ముక్క, ఈ మూడూ ఒకే మాట చెబితేనే గడ్డ సంగతి తేలినట్టు. రెండు రొమ్ములూ, రెండు చంకలూ చూడాలి. 40 దాటినవారికి మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ కూడా తీస్తారు. ఆ రోజు చంకల్లో పౌడరు, స్ప్రే వాడొద్దు, వాటి రేణువులు ఫిల్మ్‌లో సున్నపు చుక్కల్లా కనిపిస్తాయి. ముందు హుక్కులున్న రవికె వేసుకుని వెళ్తే అమ్మకు ఇబ్బంది తక్కువ. లేడీ డాక్టర్ కావాలని అడగడానికి మొహమాటపడకండి. మూడు నెలలు చెప్పకుండా దాచుకోవడానికి కారణం చాలామందికి ఆ సిగ్గే.

రిపోర్టు చివర ‘బైరాడ్స్’ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అయితే అనుమానించేదేమీ లేదు. 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, మామూలుగా ఆరు నెలలకు మళ్లీ స్కాన్. 4, 5 అయితే ముక్క తీసి చూడాల్సిందే. 5లో అవకాశం 95 శాతం పైనే. చేతికి గట్టిగా తగులుతున్న గడ్డ మామోగ్రామ్‌లో కనిపించకపోయినా ఊరుకోకూడదు, కొన్ని క్యాన్సర్లు అందులో దొరకవు.

ముక్క తీయడానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి 14 గేజ్ సూదితో నాలుగైదు సన్నటి పోగులు తీస్తారు. స్టాప్లర్ నొక్కినట్టు టక్‌మని చప్పుడవుతుంది. ఆ చప్పుడుకే చాలామంది ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచండి. తర్వాత పది నిమిషాలు గట్టిగా అదిమి పెడతారు, ఆ సాయంత్రమే ఇంటికి రావచ్చు. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందుగా చెప్పాలి. సొంతంగా ఆపేయకూడదు.

పిన్నిగారి భయం సంగతి. సూది గుచ్చడం వల్ల రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకదు. ప్రపంచమంతా వైద్యం మొదలయ్యేది ఆ ముక్కతోనే. చెరుపు జరిగేది ఇంకోచోట: ‘చిన్న గడ్డే, తీసేద్దాం’ అని పరీక్ష లేకుండా ఆపరేషన్ చేసేయడంలో. తీశాక క్యాన్సర్ అని వస్తే అంచుల్లో జబ్బు మిగిలిపోయి మళ్లీ కోయాల్సి వస్తుంది. ముందు కీమో ఇచ్చి గడ్డను చిన్నది చేసి రొమ్మును కాపాడే దారి కూడా మూసుకుపోవచ్చు. బయాప్సీలో, అంటే ఆ ముక్క పరీక్షలో, క్యాన్సర్ వస్తే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు అదే ముక్క మీద చేయించాలి. మందులు ఏవన్నది వాటిని బట్టే ఉంటుంది.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, కువైట్‌లో డ్రైవర్‌ని. కుడి వృషణంలో చిన్న గట్టి కాయలాంటిది తగులుతోంది. నొప్పి లేదు, కొంచెం బరువుగా ఉంటుంది. వరిబీజం అయ్యుంటుందని స్నేహితుడు అంటున్నాడు. సెలవు ఐదు నెలల తర్వాత. అప్పటిదాకా ఆగవచ్చా?
– ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: ఆగవద్దు. వరిబీజం అంటే వృషణం చుట్టూ నీరు చేరడం. వాపు మెత్తగా ఉంటుంది, చీకట్లో టార్చి పెడితే ఎర్రగా వెలుగుతుంది. మీరు చెప్పేది వృషణంలోనే గట్టిగా తగిలే కాయ. 15 నుంచి 35 ఏళ్ల మగవాళ్లలో నొప్పి లేని అలాంటి కాయను, వేరే ఏదో అని తేలేదాకా, క్యాన్సర్‌గానే అనుమానించాలి. పైగా క్యాన్సర్ చుట్టూ కూడా కొంచెం నీరు చేరి దాన్ని కప్పేయవచ్చు, అందుకే టార్చి పరీక్షను నమ్ముకుని కూర్చోకూడదు.

మీరున్నచోటే ఈ వారం వృషణాల అల్ట్రాసౌండ్ చేయించుకోండి. నొప్పి ఉండదు, పావుగంట పని. అనుమానంగా ఉంటే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మూడు రక్తపరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించాలి. తర్వాత వైద్యం ఎలా సాగుతోందో పోల్చుకోవడానికి ఆ అంకెలు కావాలి.

పైన ఇద్దరికీ సూది వేయించుకోమన్నాం, మీకు మాత్రం వద్దంటున్నాం. వృషణంలో సూది గుచ్చకూడదు. వృషణాల సంచి చర్మం మీద కోయకూడదు. వృషణం నుంచి లింఫు పైకి కడుపులోకి పోతుంది, సంచి చర్మం నుంచి గజ్జల్లోకి పోతుంది. సంచి వైపు నుంచి గుచ్చితే జబ్బుకు కొత్త దారి చూపించినట్టవుతుంది. గజ్జ దగ్గర కోసి, వృషణాన్ని, దానికి రక్తనాళాలు వచ్చే తాడుతో సహా తీసి అప్పుడు పరీక్షకు పంపుతారు. ఒక వృషణం తీసినా రెండోది బాగుంటే మగతనానికి, పిల్లలు పుట్టడానికి సాధారణంగా అడ్డు ఉండదు. అయినా కీమో అవసరం కావచ్చు కాబట్టి ముందే వీర్యాన్ని నిల్వ చేయించుకోవడం మంచిది. ఈ క్యాన్సర్ కొంత పాకిన తర్వాత కూడా చాలావరకు నయమయ్యే రకం. ఉద్యోగం పోతుందనో, రూమ్మేట్లకు తెలుస్తుందనో ఐదు నెలలు దాచుకోవడానికి ఇక్కడ కారణమే లేదు.

ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే అది వేరే సంగతి, వృషణం మెలిపడి ఉండవచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరగాలి.

ప్రశ్న: వీపు మీద మెత్తటి గడ్డ పదేళ్లుగా ఉంది. తలలో కూడా ఒకటుంది, దాని మీద నల్లచుక్క ఉంది, నొక్కితే వాసన వచ్చే తెల్లటి ముద్ద వస్తుంది. తీయించుకోవాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వీపు మీదిది కొవ్వు గడ్డలా ఉంది. మెత్తగా ఉండి, అంచు వేలి కింద జారిపోతూ, ఏళ్ల తరబడి అలాగే ఉంటే వదిలేయవచ్చు. 5 సెంటీమీటర్లు దాటినా, కొన్ని నెలల్లో పెరిగినా, నొప్పి మొదలైనా, కండ లోపలికి పాతుకుని కదలకపోయినా స్కాన్ తీయించాలి, అవసరమైతే ఎంఆర్‌ఐ. కొవ్వు గడ్డే కదా అని క్లినిక్‌లో కోస్తే అరుదుగా సార్కోమా అనే క్యాన్సర్ బయటపడుతుంది. అప్పుడు రెండో ఆపరేషన్ చాలా పెద్దదవుతుంది.

తలలోది చర్మపు తిత్తి. నొక్కడం మానండి. నొక్కినప్పుడు తిత్తి లోపల చిట్లి ఎర్రగా వాచి చీము పడుతుంది. తీయించుకోవాలనుకుంటే వాపు లేనప్పుడు, సంచి గోడతో సహా తీయించాలి. గోడ కొంచెం మిగిలినా మళ్లీ వస్తుంది.

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. తల వెనక, మెడ పక్కన చిన్న చిన్న బిళ్ళలు తగులుతున్నాయి. ఆడుకుంటోంది, తింటోంది. భయమేస్తోంది.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: తల వెనక బిళ్ళలుంటే ముందు జుట్టు పాయలు తీసి చూడండి. పేలు, గోకిన పుండ్లు, చుండ్రు, తామర ఏదో ఒకటి తరచూ దొరుకుతుంది. దానికి వైద్యం చేస్తే బిళ్ళలు వారాల్లో నెమ్మదిగా చిన్నవవుతాయి. జలుబు, గొంతునొప్పి వచ్చిన పిల్లల్లో మెడ పక్కన సెంటీమీటరు లోపు, కదిలే బిళ్ళలు మామూలే. రోజూ నొక్కి చూడకండి, నొక్కుడుకే వాస్తాయి. రెండు వారాలకోసారి స్కేలుతో కొలిచి తేదీ వేసి రాసుకోండి. 2 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, పాప పాలిపోయినా, జ్వరం వదలకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. కంటె ఎముక పైన గుంటలో బిళ్ళ తగిలితే అది ఎంత చిన్నదైనా వెంటనే చూపించాలి. అక్కడ బిళ్ళ ఏ వయసులోనూ మామూలు కాదు.

ప్రశ్న: మా నాన్నగారికి 57. ఇరవై ఏళ్లుగా గుట్కా, ఖైనీ. దవడ కింద గట్టి గడ్డ నెలరోజులుగా ఉంది. ఒక ల్యాబ్‌వాళ్లు క్యాన్సర్ మార్కర్ల ప్యాకేజీ చేయించమంటున్నారు, ఇంకొకరు నేరుగా పెట్ స్కాన్ అంటున్నారు. గడ్డ తీసేస్తే పోతుందని ఇంకో సర్జన్. ఏది ముందు?
– ఒక కొడుకు, గాజువాక

జవాబు: ఈ మూడూ ముందు కావు. ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర నోరు పూర్తిగా తెరిపించి చూపించండి: బుగ్గల లోపల, నాలుక కింద, నాలుక పక్కలు, టాన్సిల్స్, తర్వాత గొట్టంతో గొంతు. పొగాకు వాడే మనిషి మెడలో గట్టి గడ్డ వచ్చిందంటే అసలు పుండు నోట్లోనో గొంతులోనో ఉండి, గడ్డ దాని నుంచి దిగిన బిళ్ళ అయ్యుండవచ్చు. నోరు మునుపటంత తెరుచుకోకపోవడం, చెవి బాగానే ఉన్నా ఒకవైపే చెవిపోటు, మూడు వారాలకు మించిన బొంగురు గొంతు ఉన్నాయేమో కనుక్కోండి. నాన్నగారు వాటిని లెక్కచేసి ఉండరు. భోజనం చేస్తుండగా దవడ కింద ఉబ్బి తర్వాత తగ్గేదైతే లాలాజల గ్రంథిలో రాయి కావచ్చు, అది వేరు.

ఆ తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గడ్డకు సన్నసూది పరీక్ష. నోట్లో పుండు కనిపిస్తే అక్కడి నుంచి చిన్న ముక్క. గడ్డను ముందే కోసి తీసేస్తే మెడలో పొరలు చెదిరి, తర్వాత చేయాల్సిన అసలు ఆపరేషన్, రేడియేషన్ రెండూ కష్టమవుతాయి. మార్కర్ల ప్యాకేజీ డబ్బు దండగ. నోటి, గొంతు క్యాన్సర్‌ను పట్టుకునే రక్తపరీక్ష ఆ జాబితాలో లేదు, అంకె మామూలుగా వస్తే ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఊరుకుంటారు. పెట్ స్కాన్ జబ్బు ఎంతవరకు పాకిందో చూడటానికి, జబ్బు ఏమిటో చెప్పడానికి కాదు. టీబీ బిళ్ళలు కూడా అందులో క్యాన్సర్‌లాగే వెలుగుతాయి.

ముక్క తీశాక దాన్ని మీ చేతికిచ్చి ల్యాబ్‌కు తీసుకెళ్లమంటే మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉందో లేదో చూడండి. ఉత్త నీళ్లలో వేస్తే కుళ్లిపోతుంది, పరీక్షకు పనికిరాదు. డబ్బా మీద పేరు, ఏ వైపు నుంచి తీశారో, తేదీ ఉండాలి. రిపోర్టు వచ్చాక కాగితంతో పాటు స్లైడ్లు, మైనం బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. హైదరాబాద్ ఎంఎన్‌జేలోనో, మీకు దగ్గర్లోని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనో రెండో అభిప్రాయం అడిగితే వాళ్లకు కావాల్సింది అవే. అవి లేకపోతే మళ్లీ మొదటినుంచి ముక్క తీయాల్సి రావచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ కిందో, తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ కిందో క్యాన్సర్ వైద్యానికి అనుమతి కోరేటప్పుడు ఆ బయాప్సీ రిపోర్టే అడుగుతారు. దాని రెండు జిరాక్సులు, రేషన్ కార్డు, ఆధార్‌తో పాటు ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.